అరుగు లేని శుక్రవారం

"అమ్మా ఉమా, అరుగు బద్దలుకొట్టినోడికి సెప్పు. ఆడి కాడున్న ఉప్పు డబ్బా ఇటు జరపమను."

వరహాలరావుకి, ఆయన కొడుకు శివప్రసాద్‌కి మధ్య ఉన్నదల్లా ఇడ్లీల గిన్నె ఒక్కటే. చెయ్యి చాపితే డబ్బా అందుతుంది. అయినా ఆ మాట పొయ్యి దగ్గర నిలబడ్డ ఉమామహేశ్వరి దాకా వెళ్ళి, అక్కడ కాస్త మర్యాద పూసుకుని, మళ్ళీ వెనక్కి రావాలి.

"ఏమండీ, మావయ్యగారికి ఉప్పు కావాలట."

"ఇడ్లీలోకి ఉప్పెందుకో కనుక్కో," అన్నాడు శివప్రసాద్ పళ్ళెంలోంచి తల ఎత్తకుండా.

ఉమ కనుక్కుంది.

"కొట్లో ఉప్పు అమ్మనివ్వకపోతే ఇంట్లోనైనా తింటానని సెప్పు."

ఈ మాట ఉమ చేరవెయ్యలేదు. డబ్బా తనే తీసి మామగారి ముందు ఠక్కున పెట్టింది. కాళ్ళ పారాణి ఇంకా పూర్తిగా పోనేలేదు, అప్పుడే తనకి ఈ ఇంట్లో టపా ఉద్యోగం వచ్చేసింది. బీయస్సీలో ఫస్టు క్లాసు తెచ్చుకున్నది ఇందుకా అనుకుంటే ఒళ్ళు మండింది. ఆయన నిజంగానే ఇడ్లీ మీద ఉప్పు చల్లుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ఉమ్మలేక మింగలేక కూర్చోవడం చూస్తే నవ్వూ వచ్చింది. గోడవైపు తిరిగి నవ్వుకుంది.

ఆదివారం శృంగవరపుకోటలో చుట్టాల పెళ్ళి చూసుకుని ఘాట్ బస్సు దిగి వచ్చిన మనిషికి, కొట్టు ముందు రాతి అరుగు కనిపించలేదు. అరుగున్న చోట నేల నుంచి చూరు దాకా అద్దం, అద్దంలో తలుపు. ఆ తలుపు దాటి లోపలికి అడుగుపెడితే తన పేరు వరహాలరావే కాదని వీధి వీధంతా వినేలా చెప్పి, ఆయన ఆ రోజు నుంచి కొడుకుతో మాట మానేశాడు.

మాట మానేసినవాళ్ళు ఇంతగా మాట్లాడతారని ఉమకి పెళ్ళికి ముందు తెలియదు.

కిరాణా కొట్టు కాఫీ కొట్టయింది, అందులోంచి గెంటేసిన సరుకంతా ఇంట్లోకి వచ్చింది. ఉప్పు బస్తాలు పెరట్లోకి, పొగాకు కట్టలు అటక మీదికి చేరాయి. ఎండు నెత్తళ్ళ గోనెలకి మాత్రం ఎక్కడా చోటు దొరక్క, చివరికి కొత్త దంపతుల మంచం కిందికి వచ్చాయి. కాఫీ తాగడానికి వచ్చే వైజాగు వాళ్ళకి ఎండు చేపల వాసన పడదని శివప్రసాద్ వాదించాడు. మరి నాకు పడుతుందా అని ఉమ అడిగితే, నీ దగ్గర మల్లెపూల వాసన ఉంటుంది కదా, సరిపోతుంది అన్నాడు. ఆ మాటకి కోపం తెచ్చుకోవాలో మురిసిపోవాలో తేల్చుకోలేక ఆమె రెండూ చేసింది. పెళ్ళి పట్టుచీర మాత్రం నెత్తళ్ళ వాసనే వేస్తోంది.

*

పాత బజారు వీధి రైల్వే స్టేషను దగ్గర మొదలై సంత మైదానం దగ్గర ఆగుతుంది. ఉమ తొలిసారి ఈ వీధిలో నడిచింది కాలేజీ విహారయాత్రలో. అప్పటికే సగం వీధి మారిపోయింది. ఇప్పుడు మిగతా సగం మారుతోంది. పూసల కొట్టు ఉన్నచోట చాక్లెట్లు అమ్ముతున్నారు. ఇత్తడి బిందెలకి మాట్లు వేసే కొట్టు ముందు బొంగులో చికెన్ కాలుతోంది. కొండమీది ఊళ్ళవాళ్ళకి జాకెట్లు కుట్టి పెద్దవాడైన టైలరు అప్పలస్వామి, మిషను మూలకి తోసి, సందర్శకులకి కొండచీరలు అద్దెకి కడుతున్నాడు. చీర కట్టుకోవడం, తలలో పువ్వు పెట్టుకోవడం, చేతులు పట్టుకుని ఫొటో దిగడం. అలాంటి ఫొటో ఉమది కూడా ఒకటి ఆల్బమ్‌లో ఉంది. దాన్ని మామగారి కంట పడకుండా బీరువా అడుగున దాచింది.

ఇంత చికాకులోనూ ఆ గురువారం పొద్దున ఆమెకి వీధి ముచ్చటగానే ఉంది. కొండవాలు మీద కాఫీ తోటలు పూసి తెల్లగా ఉన్నాయి. గాలి వీస్తే ఆ వాసన స్టేషను దాకా వస్తోంది. శివప్రసాద్ కొత్త మిషనులో తీసిన మొదటి కప్పు ఆమెకే ఇచ్చాడు, నురగ మీద ఆకు బొమ్మ వెయ్యబోయి వంకాయ వేశాడు. ఎవరితోనూ చెప్పలేదు గానీ ఉమకి ఆ అద్దమంటే ఇష్టం. ఎదుటి కొండ అందులో మొత్తం పడుతుంది. కొండ పక్కనే తనూ పడుతుంది.

అద్దానికి అవతల రోడ్డు మీద మామగారు ముక్కాలి పీట వేసుకుని, ముందు ఉప్పు బస్తా తెరిచి కూర్చున్నాడు. కొట్టుకి వీపు పెట్టి మరీ కూర్చున్నాడు. కొనేవాళ్ళు సంత నాడే గానీ గురువారం ఎవరుంటారు. వచ్చిందల్లా ఫొటోలవాళ్ళు. అద్దెచీర కట్టుకున్న ఒక అమ్మాయి ఆయన పక్కన ఒదిగి కూర్చుని, కొంచెం కిందికి చూడండి అంకుల్, నేచురల్‌గా ఉంటుంది అంది.

"నాను నేచురల్‌గానే ఉన్నానమ్మా. నువ్వే కొంచెం లెగు," అన్నాడాయన.

ఎదుటి కొట్లోంచి అప్పలస్వామి కేకేశాడు. "కోడలా, మీ మావ ఫొటోకీ రేటు పెట్టమను. ఉప్పు కన్నా బేగి అమ్ముడవతాది."

అద్దంలోపల శివప్రసాద్ నవ్వాడు. ఆ నవ్వు అద్దంలోంచి వినిపించకపోయినా వరహాలరావు వీపుకి కనిపించినట్టుంది. అమ్మా, ఆ నవ్వేదేదో గట్టిగా నవ్వమను, వీధిలోవాళ్ళూ సంతోషిస్తారు అని కబురు పంపాడు. కొడుకు తిరుగు కబురు పంపాడు. ఉమ ఆ అద్దం తలుపు తోస్తూ, లాగుతూ, లోపలికీ బయటికీ తిరిగి మధ్యాహ్నానికి చెయ్యి నొప్పి పుట్టించుకుంది.

మధ్యలో ఒక అమ్మాయి వచ్చింది. జీన్సు ప్యాంటు, భుజాన సంచి, ముక్కుకి చిన్న నత్తు. పేరు సోని అట. ఊరు ఇక్కడే పైన కొండమీద. వైజాగులో చదువుకుంటూ ఒక కాఫీ కొట్లో పని చేసి వచ్చిందట. లోపలంతా కలయతిరిగి చూసింది. బల్లలు ఇన్నే పడతాయా, నీళ్ళ పైపు ఎటునుంచి వస్తుంది, సాయంత్రం ఎండ ఏ పక్క పడుతుంది అని ఒక్కొక్కటే అడిగింది. ఈ వీధిలో తన ఈడు ఆడపిల్ల తనతో మాట్లాడటం ఉమకి అదే మొదలు. అడిగినవీ అడగనివీ అన్నీ చెప్పేసి, వంకాయ బొమ్మ కాఫీ ఒకటి ఇప్పించి, మళ్ళీ రమ్మంది.

"రేపొత్తాను అక్కా," అని సోని అద్దాన్ని వేలి కణుపుతో రెండుసార్లు తట్టి చూసి వెళ్ళింది.

*

ఆ సాయంత్రం పెరట్లో అత్తగారు రత్నాలు ఉప్పు బస్తాలకి పరదా కప్పుతూ, ఒక కొత్త నేతచీర తీసి ఉమ చేతిలో పెట్టింది. అంచు ఎర్రగా, చీర పచ్చగా ఉంది.

నాకా అని ఉమ సంబరపడబోయింది.

"నీక్కాదమ్మా. సోములమ్మకి. ఇటుకల పండగ అయిపోయింది కదా, రేపు సంత. దిగుతాది."

సోములమ్మ ఎవరో ఉమకి తెలియదు. రత్నాలు మామూలుగా ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఈ వారమంతా ఇంట్లో ఇద్దరు మగాళ్ళు అరుస్తుంటే ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది. ఇప్పుడు మాత్రం పీట లాక్కుని, కోడల్ని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

వరహాలరావు తండ్రి ఉప్పు కావడి భుజాన వేసుకుని కోట నుంచి ఈ కొండలెక్కినవాడు. కావడి దించుకోవడానికి చోటిచ్చింది సోములమ్మ తండ్రి. ఆ దించుకున్న చోటే అరుగు. ఏజెన్సీలో నేల కొండవాళ్ళదే, మనబోటి వాళ్ళ పేరున ఉండదు. ఈ చోటు అప్పుడూ వాళ్ళదే, ఇప్పుడూ వాళ్ళదే. రాసుకున్న కాయితం ఏదీ లేదు. ఏటా చైత్రంలో కొండవాళ్ళు చేసుకునే ఇటుకల పండగ వెళ్ళాక మొదటి సంత నాడు సోములమ్మ కొండ దిగి వచ్చి ఆ అరుగు మీద కూర్చుంటుంది. చీర, మానెడు ఉప్పు ఒళ్ళో పెడతారు. ఆవిడ చేతి బోణీ అయ్యాకే కొట్టు మొదలవుతుంది. ఆవిడ కూర్చుని బోణీ చేసిందంటే ఆ ఏడాదికి కొట్టు మనది.

"కూర్చోకపోతే?" అంది ఉమ.

"ఇన్నాళ్ళూ కూకుంది," అంది రత్నాలు.

చేతిలో చీరతో ఉమ నేరుగా వసారాలోకి వచ్చింది. తండ్రి ఒక మూల, కొడుకు ఒక మూల ఉన్నారు. ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదని మామగారిని అడిగింది. మాటలుంటే కదా చెప్పడానికి అన్నాడాయన. పుట్టి పెరిగిన కొట్టు సంగతి ఒకడు చెప్తేనే తెలియాలా అని కూడా అన్నాడు. శివప్రసాద్ మొహం కాస్త పాలిపోయింది. ఏటా ఒక ముసలమ్మకి చీర పెట్టడం చూశాను గానీ అది పండగ మామూలనుకున్నానన్నాడు. అయినా దాందేముంది, రేపు మంచి కుర్చీ వేస్తాం, మెత్త కూడా వేస్తాం, కాళ్ళు జాపుకుని కూర్చుంటుంది అన్నాడు.

వెనకే వచ్చిన రత్నాలు గుమ్మంలో ఆగింది.

"కుర్చీ ఏసేది సుట్టానికిరా. ఇల్లుగలావిడికి ఎవులైనా కుర్చీ ఏత్తారా?"

పెరట్లో పరదా గాలికి టపటపలాడింది.

"అది సరే గానీ," అంది ఉమ, "అరుగు పగలగొట్టేముందు ఆవిడని అడిగారా?"

శివప్రసాద్ తండ్రి వైపు చూశాడు.

"పోనీ మావయ్యా, అరుగు పోయిందని ఆదివారం నుంచి గొడవ పడుతున్నారు. మీరైనా ఆవిడకి కబురు పెట్టారా?"

వరహాలరావు కొడుకు వైపు చూశాడు. తండ్రీకొడుకులకి పోలికలు ఉంటాయని ఉమ విన్నది గానీ, ఇద్దరూ ఒకేలా నోరు కొద్దిగా తెరుచుకుని ఉండటం అప్పుడే చూసింది. ఆ నేల తమది కాదన్న సంగతి గుర్తుంచుకుని కోప్పడినవాడూ అడగలేదు, మరిచిపోయి పగలగొట్టినవాడూ అడగలేదు. ఆమెకి ఇద్దరి నెత్తినా ఆ నెత్తళ్ళ గోనె బోర్లించాలనిపించింది.

*

శుక్రవారం తెల్లవారేసరికి సంత జనం దిగడం మొదలైంది. తలమీద గంపలు, గంపల్లో చింతపండు, రాజ్‌మా, చీపురు కట్టలు. వీధి ఆ ఒక్క రోజూ పాతవాళ్ళదవుతుంది. అద్దెచీరల కొట్టు ముందు నిజంగా ఆ చీరలు కట్టేవాళ్ళు నిలబడి, తాడు మీద ఆరేసిన చీరల్ని చూసి ఒకరి భుజం మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు.

వరహాలరావు పెరట్లోంచి ఉప్పు బస్తా ఒకటి కొట్టు ముందుకి ఈడ్చుకొచ్చాడు. రెండోదాని దగ్గర ఆయాసపడ్డాడు. ఆ ఉపాయం ఆయనదే. బస్తాలు పక్కపక్కన పేర్చి, మీద తుంగచాప పరిస్తే అరుగంత ఎత్తు వస్తుంది. పైగా ఆ ఇంటికి అరుగు వచ్చిందే ఉప్పు మీద. శివప్రసాద్ కాసేపు అద్దంలోంచి చూశాడు, తలుపు తోసుకుని బయటికి వచ్చాడు. ఉమ మధ్యలోకి వెళ్ళబోయింది, ఏదో ఒకటి అటూ ఇటూ చేరవెయ్యాల్సి వస్తుందని.

"అటు పట్టు," అన్నాడు వరహాలరావు, కొడుకుతో.

శివప్రసాద్ పట్టాడు. ఇద్దరూ మూడో బస్తా కూడా తెచ్చారు. చాప మడత కొడుకు సరిచేస్తే, బాగోలేదని తండ్రి మళ్ళీ సరిచేశాడు. తండ్రి సరిచేసింది కొడుకు ఇంకోసారి సరిచేశాడు. ఉమకి ఆ బస్తాల మీద ఎక్కి గెంతాలన్నంత ఆనందం వేసింది. టపా ఉద్యోగం ఊడింది అనుకుంది. చీర, ఉప్పు నింపిన మానిక పళ్ళెంలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది.

స్టేషను వైపు నుంచి ఒక ముసలావిడ వస్తోంది. పొట్టిగా, గట్టిగా, మెడలో కడియం, నోట్లో పొగచుట్ట, నిప్పు లోపలికి పెట్టుకుని. ఆవిడ చెయ్యి పట్టుకుని జీన్సు ప్యాంటు వేసుకున్న అమ్మాయి వస్తోంది.

ఉమ చేతిలో పళ్ళెం కొంచెం వంగింది. నిన్న నీళ్ళ పైపు సంగతి చెప్పింది. ఎండ ఏ పక్క పడేదీ చెప్పింది. మిషను ఎలా కడగాలో కూడా తనే చూపించింది.

"మనవరాలా?" అని అత్తగారిని గొణిగినట్టు అడిగింది.

"కూతురి కూతురు. నీకెలా తెలుసు?" అంది రత్నాలు.

ఉమ వంగిన పళ్ళెం సరిచేసుకుంది.

సోములమ్మ కొట్టు ముందు ఆగి, అరుగు లేని చోటు చూసింది. బస్తాలు చూసింది. తలెత్తి అద్దం చూసింది. అందులో కొండ ఉంది, కొండ ముందు తనుంది. నోట్లోంచి చుట్ట తీసి, కొప్పులో జారిన పువ్వు సరిచేసుకుని, తనలో తను నవ్వుకుంది.

"కూకో అప్పా," అన్నాడు వరహాలరావు, అక్కని పిలిచినట్టు, చాప చూపిస్తూ. గుంటడు తెలియక చేశాడనీ, మళ్ళీ రాయి తెప్పించి అరుగు కట్టిస్తాననీ, వచ్చే సంతకల్లా చూసుకోమనీ గబగబా చెప్పుకుపోయాడు. ఆవిడ అంతా వింది. బస్తా మీద అరచేత్తో ఒకసారి నొక్కి చూసింది. కూర్చోలేదు.

ఉమ పళ్ళెం ముందుకి చాపింది. ఆవిడ చీర అంచు వేళ్ళతో పట్టి చూసి, నేత బాగుందంది. చీర మాత్రం తీసుకోలేదు.

"తాతా," అంది సోని. నిన్నటి నవ్వే ఉంది గానీ గొంతు కుదురుగా ఉంది. "ఈ ఏడు అవ్వ కోక పట్టదు. కొట్టు మేమే పెట్టుకుంటాం. మా తోట కాఫీ మేమే అమ్ముకుంటాం."

వీధి ఆగినట్టనిపించింది ఉమకి. ఆగలేదు. చీపుర్ల బేరం ఎప్పటిలాగే నడుస్తోంది.

"ఇదేటప్పా," అన్నాడు వరహాలరావు. "నిజమేనా?"

సోములమ్మ కాకుండా శివప్రసాద్ మాట్లాడాడు. అద్దం తను పెట్టించాననీ, మిషను తను తెచ్చాననీ, బల్లలు, సీసాలు, లోపల ఉన్న ప్రతిదీ తను ఒక్కొక్కటీ చూసి చూసి కొన్నాననీ చెప్పుకొచ్చాడు. మాట్లాడుతున్నకొద్దీ ఆ గొంతు పెద్దదైంది, చివరికి పిల్లాడి గొంతైంది.

"పెట్టావు బావు. బాగుంది," అంది సోములమ్మ. "నా సోట్లో పెట్టావు. అడిగావా?"

నిన్న తను వేసిన ప్రశ్నే. ఉమకి భర్త వైపు చూడాలంటే బాధేసింది. ముసలావిడ తప్పు మాట్లాడిందనడానికి మాత్రం మనసు ఎంత వెతికినా ఒక్క ముక్కా దొరకలేదు.

సోని అద్దం తలుపు లాగి పట్టుకుంది. సోములమ్మ గుమ్మం దగ్గర చుట్ట ఆర్పి, చెవి పక్కన దోపుకుని లోపలికి నడిచింది. బల్లల మధ్య నుంచి తడుముకోకుండా వెళ్ళి, గల్లాపెట్టె వెనక శివప్రసాద్ కొత్త తిరుగుడు కుర్చీలో కూర్చుంది. కుర్చీ కొంచెం తిరిగింది. ఆవిడ ఇంకొంచెం తిప్పి చూసుకుంది. కాళ్ళు పైకి తీసి మఠం వేసుకుని, అరుగు మీద కూర్చున్నట్టే కూర్చుని, అద్దంలోంచి వీధిని ఒకసారి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసింది.

తర్వాత వరహాలరావుని చేత్తో పిలిచింది.

"రా బావు. ఈ ఏడు బోణీ నువ్వు సెయ్యాల. ఏటి కావాల నీకు?"

వరహాలరావు కదల్లేదు. ఆయన చెప్పుల ముందు గుమ్మం గీత ఉంది. దాటితే తన పేరు వరహాలరావే కాదని అన్న మాట వీధంతా విన్నది. ఎదుటి కొట్లో అప్పలస్వామి చేతిలో చీర మడత అలాగే ఉండిపోయింది.

తండ్రి కొడుకు మొహంలోకి చూశాడు. కొడుకు తండ్రి మొహంలోకి చూశాడు. పళ్ళెం పట్టుకుని ఇద్దరి మధ్యా నిలబడ్డ ఉమ అలవాటు కొద్దీ ఎదురుచూసింది, ఎవరో ఒకరు ఏదో ఒకటి చెప్పమంటారని. ఎవరూ ఏమీ చెప్పమనలేదు.

"బేగి రా తాతా," అంది సోని, తలుపుని మోచేత్తో ఆనించి పట్టుకుని. "సలిగాలి లోపలికొచ్చేత్తంది."